వెన్నునీటి సాక్ష్యం

మన్యంలోని రాజవొమ్మంగి చుట్టుపక్కల ఊళ్లలో ముసలాయన తిన్న అరగంటకే మళ్లీ అన్నం అడిగితే, వయసు మీద పడిందిలే అని ఊరుకుంటారు. వెన్నులో సూది అంటే అక్కడ గుర్తొచ్చేది మెదడువాపు జ్వరమే. ఆ సూదితో తీసిన నీరే మతిమరుపు సంగతీ చెబుతుందంటే నమ్మడం కష్టం. నమ్మకం కుదరడానికి వైద్యులకే చాలాకాలం పట్టింది మరి.

నడుము పూసల మధ్య సూది దించి నీరు తీసే పద్ధతిని 1891లో జర్మనీలోని కీల్‌లో హైన్రిష్ క్వింకె చూపించాడు. 1906లో ఆలోయిస్ అల్జైమర్, ఆగస్టె డీటర్ అనే రోగి మెదడులో కనిపించిన మచ్చల గురించి, చిక్కుముళ్ల గురించి ట్యూబింగెన్ సభలో చెప్పాడు. సూదీ ఉంది, అల్జైమర్ జబ్బూ తెలుసు. అయినా ఆ రెండూ కలవడానికి ఎనభై ఏళ్లు పైనే పట్టింది. అంతవరకు రోగం ఖాయంగా తేలేది పోస్ట్‌మార్టంలోనే.

1984లో గ్లెన్నర్, వాంగ్ అనే పరిశోధకులు, ఆ మచ్చల్లో ఉండే అమిలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌ను వేరు చేశారు. చిక్కుముళ్లు టావ్ ప్రొటీన్‌వని ఆ తర్వాత తేలింది. 1993లో వెన్నునీటిలో టావ్‌ను కొలిచారు. 1995కల్లా అసలు గుర్తు దొరికింది: రోగుల్లో టావ్ పెరుగుతుంది, అమిలాయిడ్ బీటా 42 తగ్గుతుంది. అది మెదడులోనే మచ్చలుగా పేరుకుపోతుంది కాబట్టి నీటిలోకి వచ్చేది తక్కువ.

చిక్కు వచ్చిపడింది గొట్టాల దగ్గర. ఈ అమిలాయిడ్ గాజుకూ పాలీస్టైరీన్‌కూ అంటుకుంటుంది. నీరు గొట్టం మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది. అంటే గొట్టం తప్పయితే, బాగున్న మనిషి కూడా రోగిలా కనిపిస్తాడు! అందుకే పాలీప్రొపిలీన్ గొట్టమే వాడాలన్నారు. కొలిచే కిట్ల సంగతి ఇంకా అన్యాయం. అమిలాయిడ్ ఎంతకన్నా తగ్గితే జబ్బు అనుకోవాలనే హద్దు అమెరికాలో ఒక కిట్‌కు మిల్లీలీటరుకు 192 పికోగ్రాములు, ఆమ్‌స్టర్‌డామ్‌లో మరో కిట్‌కు 550. ఆ ఆమ్‌స్టర్‌డామ్ ల్యాబ్‌లోనే ఏళ్లు గడిచేకొద్దీ అంకెలు పైకి జరుగుతూ పోయాయి. 2018లో హద్దును 813కు సవరించాల్సి వచ్చింది. 2009 నుంచి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ కేంద్రంగా ఒకే నీటిని పలు దేశాల ల్యాబ్‌లకు పంపి చూస్తే, ఫలితాల్లో 20 శాతం, ఒక్కోసారి అంతకు మించి తేడా వచ్చింది. చివరికి అమిలాయిడ్ 42ను దాని మరో రూపమైన 40తో పోల్చి నిష్పత్తి చూడటంతో, కొలతను యంత్రానికి అప్పగించడంతో చాలావరకు గాడిన పడింది. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి పరీక్షకు అనుమతినిచ్చింది. ఇంతా చేసి, అమిలాయిడ్ గుర్తు ఉండీ చివరిదాకా మతి చెదరని వృద్ధులు ఉన్నారు. కాగితం మీద పాజిటివ్ వచ్చినంత మాత్రాన డిమెన్షియా అయిపోదు.

డిమెన్షియాపై మన దగ్గర పేరున్న పరిశోధన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. బడి మొహం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించింది. అక్కడ నిర్ధారణకు ఆధారం వెన్నునీరు కాదు, లక్షణాలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, స్కాన్‌లే. ఆ జ్ఞాపకశక్తి పరీక్షలేమో తేదీ అడుగుతాయి, రాయమంటాయి. పుట్టిన ఏడు కూడా తెలియని మన్యం పెద్దలకు అవి సరిపడవు. వెన్నునీరు చదువు అడగదు. నా లెక్కన దాని అసలు విలువ ఇలాంటి చోటే. కానీ నీటిని చల్లగా, సరైన గొట్టంలో, వేళకు ల్యాబ్‌కు చేర్చడం కొండదారిలో చిన్న పనా? అంతకన్నా ముందు రక్తంలో బీ12, థైరాయిడ్ చూస్తే, నయమయ్యే మతిమరుపు కొంత అక్కడే తేలుతుంది.

2025 మేలో పీటావ్ 217 అనే టావ్ రూపాన్ని చూసే రక్త పరీక్షకూ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. వెన్నులో సూది బాధ తప్పిందని సంబరపడేలోగా ఇంకో మెలిక: మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పీటావ్ దానంతటదే పెరుగుతుంది, వెన్నునీటిపై ఆ ప్రభావం తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి సంగతి. అక్కడి ముసలివాళ్లకు ఈ పరీక్ష రాసే డాక్టరు ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడాలి.