అక్షరాలు కూర్చిన ఆడవాళ్లు

1966లో ఆస్ట్రేలియా పౌండ్లు వదిలి డాలర్లకు మారినప్పుడు, కొత్త పది డాలర్ల నోటు మీద కథకుడు హెన్రీ లాసన్ బొమ్మ వేశారు. వాళ్లమ్మ లూయిసాకు 1975లో, అంతర్జాతీయ మహిళా సంవత్సరం పుణ్యమా అని, ఒక తపాలా బిళ్ల దక్కింది. అందులో ఒక వెటకారం ఉంది. తపాలా సంచుల మూతి బిగించే కొక్కెం ఒకటి కనిపెట్టి, పేటెంటు తీసుకుని, దాని కోసం ఏళ్ల తరబడి తగాదా పడిన మనిషి ఆవిడ.

ఇక్కడ ఆస్ట్రేలియాలో వాళ్లను లూయిసా ఎవరని అడిగితే చాలామంది 'హెన్రీ తల్లి' అంటారు. నేనయితే హెన్రీని లూయిసా కొడుకు అంటాను. 1894లో అతని మొదటి పుస్తకం అచ్చయింది తల్లి ప్రెస్సులోనే.

ఆమె 1848లో న్యూ సౌత్ వేల్స్ లోపలి ప్రాంతం మడ్జీ దగ్గర పుట్టింది. పద్దెనిమిదేళ్లకే నార్వే నుంచి వచ్చిన ఒక నావికుణ్ణి పెళ్లాడింది. అతను పనుల కోసమనీ, బంగారం కోసమనీ ఊళ్లు తిరుగుతుంటే పిల్లల్నీ, పొలాన్నీ, ఊరి పోస్టాఫీసునీ ఆమే నెట్టుకొచ్చింది. 1883లో పిల్లల్ని తీసుకుని సిడ్నీ చేరింది. బట్టలు కుట్టి, ఉతికి, ఇంట్లో అద్దెకుండేవాళ్లకు వండిపెట్టి బతికింది.

1888 మేలో 'ద డాన్' మాసపత్రిక మొదలుపెట్టింది. సంపాదకురాలి పేరు డోరా ఫాల్కనర్ అని వేసుకుంది. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చి అప్పటికి పదకొండేళ్లే. ఆడవాళ్ల గుసగుసల్నీ, మొరల్నీ, డిమాండ్లనీ పైకి వినిపించే ఫోనోగ్రాఫ్ తన పత్రిక అని మొదటి సంచికలోనే చెప్పుకుంది. ఫ్యాషన్లూ, ఇంటి చిట్కాలూ, కథలూ వేస్తూనే, వాటి పక్కన తాగొచ్చి కొట్టే మొగుళ్ల గురించీ, విడాకుల చట్టం గురించీ, ఓటు గురించీ రాసింది. చిట్కాలను ఎరగా వేసిందనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. అప్పటి ఇల్లాలి రోజులో కుట్టుపనీ, మొగుడి చేతి దెబ్బా రెండూ ఉండేవి. పత్రికలోనూ రెండూ ఉన్నాయి.

అయితే వ్యాసాలకంటే ఆ ప్రెస్సు గది ముఖ్యమని నా అభిప్రాయం. 1889 నాటికి అక్కడ పదిమంది ఆడవాళ్లు పనిచేసేవారు. చేతి కంపోజింగ్ కాలం అది. అరల పెట్టె ముందు నిలబడి, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా చదువుకుంటూ వరస కూర్చాలి. సంపాదకురాలు రాసిన సమానత్వం ముందు ఈ వేళ్ల మీదుగా వెళ్లాల్సిందే. మగ కంపోజిటర్ల యూనియన్, అంటే న్యూ సౌత్ వేల్స్ టైపోగ్రాఫికల్ అసోసియేషన్, ఇది సహించలేదు. ఆడవాళ్లు తక్కువ జీతానికి పనిచేసి తమ నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారని వాళ్ల వాదన. కూలి పడిపోతుందన్న భయం ఉత్తదేమీ కాదు. కానీ ఆ ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకుని సమాన కూలి అడగొచ్చు కదా? అదీ చేయలేదు. యూనియన్లో ఆడవాళ్లకు సభ్యత్వమే లేదు! పత్రికను బహిష్కరించమని ప్రకటనలిచ్చేవాళ్ల వెంట పడ్డారు, పనిలో ఉన్న అమ్మాయిల్ని వేధించారు. సంఘటిత పెట్టుబడి ఎంత స్వార్థంగా ఉంటుందో సంఘటిత శ్రమా తన చిన్న పరిధిలో అంతేనని లూయిసా ఎదురు రాసింది. అమ్మాయిల్ని మాత్రం తీసేయలేదు.

1891లో న్యూ సౌత్ వేల్స్‌లో ఆడవాళ్ల ఓటుహక్కు సంఘం ఏర్పడితే తన ఆఫీసునూ ప్రెస్సునూ దాని పనికి వాడుకోనిచ్చింది. 1902లో ఇటు న్యూ సౌత్ వేల్స్‌లోనూ, అటు జాతీయ ఎన్నికల్లోనూ ఆడవాళ్లకు ఓటొచ్చింది. అదే ఏడాది మన దగ్గర సత్తిరాజు సీతారామయ్య గారు 'హిందూసుందరి' మహిళా పత్రిక ప్రారంభించారు. అక్కడ మాట్లాడుకుంటున్నది చదువు గురించి, ఇక్కడ బ్యాలెట్ గురించి.

ఇక్కడివాళ్లు ఈ కథను సాధారణంగా 1902 దగ్గర ఆపి చప్పట్లు కొడతారు. నేను ఆపలేను. ఆడవాళ్లకు ఓటిచ్చిన ఆ జాతీయ చట్టమే ఆస్ట్రేలియా ఆదివాసులకూ, ఆసియా, ఆఫ్రికా, న్యూజిలాండ్ తప్ప మిగతా పసిఫిక్ దీవుల మూలవాసులకూ ఓటు లేదంది. అప్పటికే రాష్ట్ర జాబితాకెక్కిన కొందరికే మినహాయింపు. అంటే నాలాంటిది ఆనాడు సిడ్నీలో ఉంటే, 'డాన్' చదివి ఉత్సాహపడినా, పోలింగ్ గది బయటే నిలబడేది. 1925లో బ్రిటిష్ ఇండియా వాళ్లకు ఆ అడ్డు తీసేశారు. ఆ మాటను పట్టి చూస్తే గుంటూరు లోపలికి, నిజాం ఏలుబడిలోని వరంగల్లు బయటికి! ఆదివాసులందరికీ జాతీయ ఎన్నికల్లో ఓటు రావడానికి 1962 దాకా పట్టింది. 'డాన్' చెప్పిన 'ఆడవాళ్ల'లో చాలా మటుకు తెల్లవాళ్లే ఉన్నారు. ఆ పత్రిక మీద నాకున్న గౌరవం దీనివల్ల పోలేదు గానీ, పూజగా మాత్రం మారలేదు.

1900లో ట్రాము నుంచి పడి మోకాలు విరిగి, వెన్నుకు దెబ్బ తగిలాక లూయిసా మునుపటిలా తిరగలేకపోయింది. పత్రిక 1905లో ఆగింది. ఆమె 1920లో గ్లేడ్స్‌విల్ మానసిక వైద్యశాలలో పోయింది. 2012లో పాఠకుల చందాలతో సంచికలన్నీ ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ఆన్‌లైన్ భాండారం 'ట్రోవ్'లోకి ఎక్కాయి. హైదరాబాదు నుంచయినా, ఆముదాలవలస నుంచయినా ఉచితంగా చదవొచ్చు. ముందు 1889 సంచికలు తెరవండి, కంపోజిటర్ల గొడవ నడిచింది వాటిలోనే.