యమున ఒండ్రులో దాగిన లోహాలు

ఢిల్లీలో వజీరాబాద్ బ్యారేజీ నుంచి ఓఖ్లా బ్యారేజీ దాకా యమున ప్రవహించేది సుమారు 22 కిలోమీటర్లు. మొత్తం 1,376 కిలోమీటర్ల నదిలో ఇది రెండు శాతం కూడా కాదు. అయినా నదిలో కలిసే మురుగులో అధిక భాగం ఇక్కడే చేరుతుంది. అందులో పెద్ద వాటా నజఫ్‌గఢ్ నాలాది. ఒకప్పుడు సాహిబీ నది నీరు పారిన దారి అది. వజీర్‌పూర్‌లో స్టీలును ఆమ్లంతో శుభ్రం చేసే కార్ఖానాలు, లోహపు పూతలు వేసే చిన్న పరిశ్రమలు వదిలిన నీటితోపాటు క్రోమియం, నికెల్ వంటి లోహాలు ఈ దారినే నదిని చేరాయి.

మురుగులోని సేంద్రియ పదార్థం కుళ్లి విచ్ఛిన్నమవుతుంది. లోహం మూలకం కనుక నశించదు. మరి ఎక్కడికి పోతుంది? చాలా భాగం అడుగున ఒండ్రును అంటిపెట్టుకొని ఉండిపోతుంది.

లోహం ఎంత ఉంటే ప్రమాదం అంత అని మీరు అనుకోవచ్చు. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం మొత్తం పరిమాణాన్నే కొలిచేవారు. కాని జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధి వేరే పాఠం నేర్పింది. అక్కడ చేపల ద్వారా మనుషుల నాడీమండలాన్ని దెబ్బతీసింది మిథైల్ మెర్క్యురీ. అది శరీరంలోకి సులువుగా ఇంకిపోయే పాదరసపు రూపం. ఉన్న లోహంలో జీవులు గ్రహించగలిగే భాగాన్ని ‘జీవలభ్యత’ గల భాగం అంటారు.

దీన్ని అంచనా వేసేదెలా? 1979లో కెనడాకు చెందిన టెస్సియర్, ఆయన సహచరులు ఇద్దరు ఒక పద్ధతిని ప్రచురించారు. ఒకే ఒండ్రు నమూనాను అంతకంతకూ తీవ్రమైన ద్రావణాలతో వరుసగా శుద్ధి చేస్తారు. మట్టి రేణువులపై వదులుగా అంటుకున్న లోహం మొదటే విడివడుతుంది. తర్వాత కార్బొనేట్లతో, ఇనుము-మాంగనీసు ఆక్సైడ్లతో, సేంద్రియ పదార్థంతో కలిసి ఉన్నవి వంతులవారీగా వస్తాయి. ఖనిజపు స్ఫటికాల్లో చిక్కుకున్నది చివరిదాకా కదలదు. మొదట విడివడేదే జీవులకు తేలిగ్గా అందుతుంది.

యమునలో భారలోహాలపై జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల అధ్యయనం 1990లో వెలువడింది. 1996 జులైలో సుప్రీంకోర్టు 168 ప్రమాదకర పరిశ్రమలను ఢిల్లీలో నడపరాదని ఆదేశించింది. అయితే కార్ఖానా తరలిపోయినా, అది వదిలిన లోహం దానివెంట పోదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆక్సిజన్ కరువైన బురదలో బాక్టీరియా సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి. కాడ్మియం, సీసం, రాగి దానితో కలిసి నీటిలో కరగని సల్ఫైడులై అణగి ఉంటాయి. వరద వచ్చినా, పూడిక తీసినా బురద కలగి ఆక్సిజన్ తగులుతుంది. సల్ఫైడు ఆక్సీకరణం చెంది లోహపు అయాన్లు నీటిలోకి విడుదల కాగలవు. అవి చేపల మొప్పల్లోకి, నదీతీరపు పొలాల్లోని ఆకుకూరల్లోకి చేరే అవకాశం ఉంది.

కనుక నదిని శుభ్రం చేసేవారు లోహం ఎంత ఉందో తెలుసుకుంటే చాలదు. అది ఏ రూపంలో ఉందో, కదిలిస్తే ఏమవుతుందో ముందే పరీక్షించాలి. తీసిన పూడికను ఎక్కడ పోయాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ పరీక్షలోనే ఉంది.