శక్తి పోయే దారులు: టెస్లా కాయిల్ నుంచి గౌరిబిదనూరు దాకా

1891లో నికోలా టెస్లా రూపొందించిన కాయిల్ సామర్థ్యానికి మూలం అనునాదం, అంటే ప్రైమరీ, సెకండరీ చుట్టలు రెండూ ఒకే పౌనఃపున్యంలో డోలనం చెందడం. అయితే శ్రుతి కుదిరినంత మాత్రాన శక్తి నిలవదు. అధిక పౌనఃపున్యంలో విద్యుత్తు తీగ పైపొరలోనే నడుస్తుంది. లక్ష హెర్ట్జ్ వద్ద రాగిలో ఆ పొర మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లే కాబట్టి, లావుపాటి తీగ లోపలి రాగి ఉన్నా లేనట్టే. అంతకన్నా పెద్ద నష్టం స్పార్క్ గ్యాప్‌లో, అంటే నిప్పురవ్వ దూకే ఖాళీలో, జరుగుతుంది. అక్కడ వేడిగా, వెలుతురుగా పోయేది కొంతైతే, రవ్వ ఆరకపోవడం వల్ల సెకండరీకి చేరిన శక్తి తిరిగి ప్రైమరీలోకి మళ్లడం మరికొంత. చుట్టలను మరీ దగ్గరగా జతచేస్తే ఈ మళ్లింపు వేగమై, రవ్వ ఆరే వ్యవధి దొరకదు. 1906లో మాక్స్ వీన్ పొట్టి ఖాళీలతో రవ్వను త్వరగా ఆర్పే పద్ధతి చూపి ఈ చిక్కును చాలావరకు విప్పాడు.

ఇదే అధిక పౌనఃపున్య విద్య రేడియో ఖగోళ పరిశీలన అనే మరో ప్రయోజనానికి కర్ణాటకలోని గౌరిబిదనూరు చేరింది. బెంగళూరులోని భారత ఖభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి అక్కడ నెలకొల్పిన, 1976 నుంచి పనిచేసిన రేడియో దూరదర్శిని 34.5 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశాన్ని విన్నది. ‘టి’ ఆకారంలో పరిచిన వెయ్యి డైపోల్ యాంటెన్నాలలో 640 తూర్పు-పడమర బాహువులోనూ, 360 దక్షిణ బాహువులోనూ ఉండేవి. మొదటి బాహువు పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు. విశేషమేమంటే, ఇక్కడ తీగ నష్టానికి మునుపటి ప్రాముఖ్యం లేదు. ఈ పౌనఃపున్యంలో పాలపుంత నేపథ్యపు రొద సుమారు పదివేల కెల్విన్ల ఉష్ణోగ్రతకు సమానం, యాంప్లిఫయర్ రొద దాని ముందు స్వల్పం; తీగలో సగం శక్తి పోయినా సంకేతం, ఆకాశపు రొద సమంగా తగ్గుతాయి కనుక వాటి నిష్పత్తి చెక్కుచెదరదు. ముప్పు దశభేదంలో ఉంది: రెండు డైపోళ్ల సంకేతాలు 14.5 నానోసెకన్ల తేడాతో కలిస్తే ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఆ దశలను అదుపులో ఉంచిన ఫలమే 1990లో ద్వారకానాథ్, ఉదయ శంకర్ ప్రకటించిన ఆకాశ పటం.

గౌరిబిదనూరులోనే 1997లో వచ్చిన, రేడియో తరంగాలతో సూర్యుణ్ణి చిత్రించే రేడియో హీలియోగ్రాఫ్ అవసరం వేరు. సూర్యుని కరోనాలో ఒక్కో పౌనఃపున్యం ఒక్కో ఎత్తు నుంచి వెలువడుతుంది కనుక, ఒకే శ్రుతికి కట్టుబడని లాగ్-పీరియాడిక్ యాంటెన్నాలను అక్కడ నిలబెట్టారు.