చూపు మసక: రక్తంలో కొంత, కంచంలో కొంత

మన ఊళ్లలో పెద్దవాళ్లకు చూపు తగ్గితే రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి శుక్లం, రెండోది "వయసైపోయింది కదా". శుక్లమైతే ఆపరేషన్ చేయిస్తాం. ఆపరేషన్ అయ్యాక కూడా ఎదుటి మనిషి మొహం ఆనకపోతే నుదుటి రాత అనుకుని ఊరుకుంటాం. అలాంటి వాళ్లలో కొందరికి ఉన్నది వేరే జబ్బు. కంటి వెనుక రెటీనా అనే పొర ఉంటుంది. దాని నడిమధ్య చిన్న చోటు పేరు మాక్యులా. అక్షరం చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా ఆ చోటే ఆధారం. వయసు మీద పడ్డాక అది దెబ్బతింటే పక్క చూపు మిగులుతుంది, నడిమి చూపు పోతుంది.

ఇది ఎవరికి, ఎందుకు వస్తుందో తెలియడానికి నూరేళ్లు దాటింది. ఆ కథలో సిగరెట్టూ ఉంది, ఆకుకూరా ఉంది. కాబట్టి క్యాంపులో ఉన్న మనకూ పనికొస్తుంది.

1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం కనిపెట్టాడు. 1874లో లండన్‌లో హచిన్సన్, టే అనే డాక్టర్లు ముసలివాళ్ల రెండు కళ్లలోనూ నడుమ ఒకేలా వస్తున్న ఈ మార్పుల గురించి రాశారు. ఆ తర్వాత చాలాకాలం పేరు పెట్టడమే తప్ప చేసింది తక్కువ.

తిండి సంగతి గట్టిగా బయటపడింది 1994లో. అమెరికాలో జొహానా సెడన్ బృందం జబ్బు ముదిరినవాళ్లనూ, లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి ఏం తింటున్నారో అడిగింది. ఆకుకూరల్లో, కూరగాయల్లో ఉండే కెరోటినాయిడ్లు బాగా తినేవాళ్లకు, అతి తక్కువ తినేవాళ్లకంటే ముప్పు 43 శాతం తక్కువ. అన్నిటికంటే ముందు నిలిచింది పాలకూర లాంటి ముదురాకుపచ్చ ఆకులే. వాటిలోని ల్యూటిన్, జియాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థాలు నేరుగా మాక్యులాలో చేరతాయి. కంటికి క్యారెట్టే మందు అనుకునేవాళ్లు ఈ ముక్క గమనించాలి.

2001లో అమెరికా జాతీయ నేత్ర సంస్థ పెద్ద పరీక్ష ఫలితం చెప్పింది. విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిసిన మాత్రలు వేసుకుంటే, జబ్బు ఒక మోస్తరు ముదిరినవాళ్లలో అది చివరి దశకు చేరే ప్రమాదం సుమారు 25 శాతం తగ్గింది. అప్పుడే మొదలైనవాళ్లకు ఉపయోగం కనిపించలేదు. పైగా ఒక చిక్కుంది. 1994లోనే ఫిన్లాండ్‌లో 29 వేలమంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అందుకే 2013లో వచ్చిన రెండో పరీక్ష తర్వాత బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టారు. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో ఏదో కంటి మాత్ర కొని, దానిమీద సిగరెట్టు వెలిగించే అన్నలు డబ్బా మీద రాసింది ఒకసారి చదివించుకోవాలి.

ఇక రక్తం సంగతి. 2001 పరీక్షలో పాల్గొన్నవాళ్లలోనే 96 మంది రోగులనూ, జబ్బు లేని 50 మందినీ తీసుకుని, వాళ్ల జన్యువుల్లో లక్షకు పైగా చోట్లు వెతికారు. 2005లో దొరికింది కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్ అనే జన్యువు. మన ఒంట్లో క్రిముల మీద పోరాడే దండు ఒకటుంది. ఆ దండు మన మీదే పడకుండా కళ్లెం వేసేది ఈ ఫ్యాక్టర్ హెచ్. కళ్లెం వదులుగా ఉండే రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వస్తే ముప్పు ఏడు రెట్లని ఆ పరిశోధనలో తేలింది.

అయితే ఇక చేసేదేముంది అని అడగొచ్చు. 2011లో హాలెండ్‌లోని రోటర్‌డామ్ నుంచి జవాబు వచ్చింది. అక్కడ 55 ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. చెడ్డ జన్యువు ఉన్నా, తిండిలో జింకు తక్కువైనవాళ్లకు జబ్బు మొదలయ్యే ముప్పు రెండుంపావు రెట్లుంటే, ఎక్కువ తిన్నవాళ్లకు ఒకటింపావు రెట్లే. ల్యూటిన్ విషయంలోనూ, చేపనూనె విషయంలోనూ ముప్పు తగ్గింది. జన్యువు మారలేదు, కంచం మారింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మన దగ్గర ఏం తేలింది? 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో 10,293 మంది కళ్లు చూసింది. నలభై దాటినవాళ్లలో నూటికి దాదాపు ఇద్దరికి ఈ జబ్బుంది. అరవై దాటినవాళ్లలోనూ, చుట్ట తాగిన అలవాటు ఉన్నవాళ్లలోనూ ఎక్కువగా కనిపించింది. మన తాతల చుట్ట పరిశోధన పుస్తకాలకెక్కింది ఇలా.

తోటకూర, మునగాకు మెస్‌లో దొరక్కపోయినా బకాలాలో పాలకూర, జర్జీర్ కట్టలు దొరుకుతాయి. గుడ్డులో పచ్చసొన కూడా మంచిదే.

సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు అమ్మనో నాన్ననో ఒక కన్ను మూసుకుని గుమ్మం అంచు చూడమనండి. తర్వాత రెండో కన్ను. తిన్నని గీత వంకరగా ఉన్నా, మధ్యలో మసకగా ఉన్నా రెటీనా డాక్టరుకు చూపించండి. లోపల రక్తనాళాలు కారే రకానికి కంట్లో వేసే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి త్వరగా మొదలుపెడితేనే చూపు నిలిచే అవకాశం ఎక్కువ. మీ సెలవు వచ్చే ఏడాది అయితే, ఈ పరీక్ష ఈ వారం ఫోన్లోనే చెప్పి చేయించవచ్చు.