రంగు పట్టిన అకీకు

హైదరాబాదు పాతనగరమున చార్మినారు దాటి దక్షిణముగా ఫలక్‌నుమా వైపు పోవు దారిలో జహనుమా అను పేట కలదు. పారసీక భాషలో ‘జహాన్’ అనగా లోకము, ‘నుమా’ అనగా చూపునది. లోకమును చూపునదని చెప్పదగిన రాయి యొకటి పాతనగరవాసులకు చిరపరిచితము. అదియే అకీకు. దానిని వెండి ఉంగరమున పొదిగించి ధరించుట అచ్చటి ముస్లిం కుటుంబములలో తరతరముల ఆచారము.

అట్టి ఉంగరమునకై ఒక విడిరాయి మన చేతికి వచ్చినదనుకొందము. గాఢమైన నీలివన్నె, నడుమ తెల్లని చారలు. జపాను పనివాడు సానబట్టినాడనియు, రంగు మాత్రము పట్టించినదనియు వర్తకుడు చెప్పును. వెంటనే మనకు కలుగు సందేహ మొక్కటే: ఇది అసలా, నకిలీయా? దీనికి చరిత్రయే సమాధానము చెప్పవలెను.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట దక్కనున లావా ప్రవహించి గట్టిపడెను. ఆ నల్లరాతిలో గాలిబుడగలు విడిచిన తొఱ్ఱలలో సిలికా పొరలు పొరలుగా పేరుకొని అకీకు ఏర్పడినది. గోదావరీతీరమందలి పైఠానునుండి ఇట్టి చారలరాళ్లు భరుకచ్ఛము రేవునకు పోవుచుండెనని క్రీ.శ. 1వ శతాబ్ది నాటి ‘పెరిప్లస్’ అను గ్రీకు గ్రంథము తెలుపుచున్నది. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వ పురాతత్త్వశాఖవారు త్రవ్వించగా, శాతవాహనుల నాణెములతోపాటు అకీకు పూసలును బయటపడినవి. ఎఱ్ఱ అకీకునకు నిప్పుసెగతో వన్నె హెచ్చించు విద్య మనదేశమున అంతకు పూర్వమే, సింధునాగరికత నాటికే కలదు. కాబట్టి రంగు పట్టించుట నిన్న మొన్నటి మాయ కాదు.

కొన్ని రాళ్లను ఏడు పగళ్లు, ఏడు రాత్రులు తేనెలో ఉడికించుటను గూర్చి రోమను పండితుడు ప్లినీ వ్రాసెను. ఇందలి రహస్య మిది. అకీకు కంటికి గట్టిగా కనబడినను, దానిలో సూక్ష్మరంధ్రము లుండును. తేనెగాని పంచదారపాకముగాని వానిలో ఇంకిన తరువాత గంధకామ్లముతో కాచినచో, చక్కెర బొగ్గయి రాయి నల్లబడును. దట్టమైన తెల్లపొరలలోనికి పాకము చొరదు కనుక చారలు తెల్లగనే నిలుచును. 19వ శతాబ్దిలో జర్మనీలోని ఇదార్, ఓబర్‌స్టైన్ పనివారు ఈ విద్యను వృద్ధి చేసిరి. రెండు లవణద్రావణములు రాతిలోపలనే కలిసి నీలిరంగుగా మారునట్లు చేసిరి. ఆ రంగు పైపూత కాదు, కడిగినను పోదు.

జపానున కోఫు పట్టణము రత్నశిల్పమునకు ప్రసిద్ధి. సమీప పర్వతములలో దొరకిన స్ఫటికముతో అచ్చట ఈ వృత్తి ఆరంభమైనది. స్థానికముగా రాయి తరిగిన పిమ్మట విదేశములనుండి తెప్పించి పని సాగించిరి. స్ఫటికముతోపాటు అకీకును తీర్చు ఆ కళను 1976లో జపాను ప్రభుత్వము సంప్రదాయ హస్తకళగా గుర్తించినది.

ఇక మన సందేహమునకు వత్తము. రాయి ప్రకృతిది, రంగు రసాయనవిద్యది, తీర్పు పనివాని చేతిది. గాజుముక్కను అకీకని అమ్మినచో అది నకిలీ. పట్టించిన రంగును పుట్టురంగని చెప్పి హెచ్చువెల గుంజినచో అది మోసము. ఉన్నదున్నట్లు చెప్పి, తగిన వెలకు అమ్మినచో అందు దోషమేమియు లేదు. రంగు పట్టించినదన్న ఒక్క కారణమున దానిని త్రోసివేయుట పనివాని శ్రమకు అన్యాయము చేయుటయే యగును. కనుక కొనునపుడు మూడు ప్రశ్నలు వేయుదము: రాయి ఏది? రంగు ఎవరిది? పని ఎవరిది? మూడింటికిని సూటిగా బదులు చెప్పు వర్తకుని వద్ద మనము నిశ్చింతగా బేరమాడవచ్చును.