అడుగులు ఎక్కడికి పోయాయి?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న మిస్టరీ. అప్పుడే పుట్టిన బిడ్డని చంకల కింద పట్టుకుని, పాదాలు మంచానికి తగిలేలా నిలబెడితే నడుస్తున్నట్టు అడుగులేస్తుంది. రెండు నెలలు వచ్చేసరికి ఆ అడుగులు మాయం. మళ్లీ ఏడాది దగ్గరపడితేగానీ నడక రాదు. మధ్యలో ఏమైంది?

1930ల్లో, 40ల్లో అమెరికాలో మిర్టిల్ మెక్‌గ్రా లాంటి పరిశోధకులు చెప్పిన జవాబు: మెదడు. అది ఎదిగేకొద్దీ పుట్టుకతో వచ్చిన ఆ రిఫ్లెక్స్‌ని అణిచేస్తుందట. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, అప్‌డేట్ వచ్చింది, పాత ఫీచర్ తీసేశారు. చాలా ఏళ్లు అందరూ ఇదే నమ్మారు.

అమెరికాలోనే ఎస్తర్ థెలెన్ అనే సైకాలజిస్టు ఒకటి గమనించింది. అడుగులు మానేసిన అదే పిల్లలు వెల్లకిలా పడుకోబెడితే కాళ్లు తన్నుతూనే ఉన్నారు. కాలు కదిలే తీరు కూడా అచ్చం అడుగు వేసినట్టే. మెదడే ఆపేస్తే, పడుకున్నప్పుడు ఎందుకు వదిలేసింది?

1984లో ఆమె టీమ్ రెండు ప్రయోగాలు ప్రచురించింది. నెల పిల్లల కాళ్లకి చిన్న బరువులు కట్టారు. అడుగులు తగ్గాయి. పిల్లల కాళ్లు నీళ్లలో మునిగేలా నిలబెట్టి పట్టుకున్నారు. అడుగులు పెరిగాయి! మొదటి నెలల్లో పిల్లల కాళ్లకి కొవ్వు త్వరగా పడుతుంది, కండబలం అంత త్వరగా రాదు. కాలు బరువెక్కి లేవట్లేదు, అంతే. నీళ్లలో ఆ బరువు తేలికైంది.

దీనివల్ల ఏం మారింది? "మెదడు ఎదిగాక అదే వస్తుందిలే" అనుకుంటే మనం చేయగలిగింది ఎదురుచూడటమే. శరీరం, బరువు, సాధన కూడా లెక్కలోకి వస్తే ఇవాళే ఏదో ఒకటి చేయొచ్చు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి నడక రావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. 2001లో డేల్ ఉల్రిక్ టీమ్ ఒక స్టడీ ప్రచురించింది. మామూలు ఫిజియోథెరపీ పిల్లలందరికీ ఇచ్చారు. కొందరికి మాత్రం అదనంగా, అమ్మానాన్నలే ఇంట్లో చిన్న ట్రెడ్‌మిల్ మీద పట్టుకుని అడుగులేయించారు. రోజుకి 8 నిమిషాలు, వారానికి 5 రోజులు. వాళ్లు మిగతా పిల్లలకంటే సగటున 101 రోజులు ముందే సొంతంగా నడిచారు.

ఇది చూసి ఇంట్లో ట్రెడ్‌మిల్ ఎక్కించేయకండి! కానీ ఏడాదిన్నర దాటినా మీ ఇంట్లో పాప నడవకపోతే, "మీ నాన్న కూడా లేటే" అనే మాటతో సరిపెట్టుకోవద్దు. పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఆ 101 రోజులు ఎవరి బిడ్డకైనా తక్కువేం కాదు.