ముసుగు కాదు, గడువు

మా అమ్మాయికి నెలలు నిండకుండానే కాన్పయింది. వెలుతురు తగిలితే పసివాడి కళ్ళు పోతాయని బళ్ళారి ఇంట్లో మా ఆవిడ ఉయ్యాలకు ముసుగు కట్టింది. నేనూ సరేనన్నాను.

ఆ భయం పెద్ద డాక్టర్లకూ ఉండేది. నెలతక్కువ శిశువుల అంధత్వాన్ని 1942లో మొదట వివరించిన బోస్టన్ వైద్యుడు టెర్రీ వెలుతురునూ అనుమానించాడు. మితిమీరిన ఆక్సిజనే కారణం కావచ్చని 1951లో మెల్బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ సూచించింది. మన బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసిన 1953లోనే అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి పరీక్ష మొదలుపెట్టాయి. మరుసటి ఏడు ఆమె మాటే నిజమైంది. అయితే ఆక్సిజన్ మరీ తగ్గిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే నేడు కొలిచి ఇస్తారు. వెలుతురు తగ్గించే అద్దాలు పెట్టినా ఈ జబ్బు ఆగదని 1998లో తేలింది.

కంటి వెనుక పొరలో రక్తనాళాలు వంకరగా పెరగడం బయటికి కనిపించదు. రెండు కిలోల లోపు బరువుతోగానీ, 34 వారాల లోపుగానీ పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోగా కంటి పరీక్ష చేయించాలి. అవసరమైతే లేజరుతో చూపు నిలుపుతారు.

మేము ముసుగు తీసి, పరీక్షకు తీసుకెళ్ళాం. బ్యాంకులో గడువు దాటిన బాకీ వడ్డీతో తీరుతుంది. ఈ గడువుకు ఆ వెసులుబాటు లేదు.